పలనాటి గ్రామనామములు: వర్ణక్రమభేదములును యంత్రగణనమును

పలనాటిసీమలో కృష్ణానదికి దక్షిణమున రెంటచింతల యను గ్రామము కలదు. వేసవి యెండలకు పేరువడిన యీ యూరిని వాతావరణ వార్తలలో వినియుండని తెలుగువారు అరుదు. ఈ గ్రామనామమును కొందఱు రెంటచింతల యనియు, కొందఱు రెంటిచింతల యనియు వ్రాయుదురు. ఆ మండలముననే రెంటాల యను వేఱొక గ్రామము కలదు. మొదటి రెండు రూపములును ఒక్క యూరి పేరేయనియు, మూడవది మఱొక యూరిదనియు ఆ ప్రాంతీయులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. కాని వేలకొలది పుటలను క్షణములో వెదకి చూపు కంప్యూటరునకు ఆ యెఱుక సహజముగ లేదు. దానికి అక్షరములు తెలియును, ఊళ్లు తెలియవు. ఒక పదము పెక్కు విధముల వ్రాయబడినపుడు ఆ రూపములన్నియు ఒక్కటేయని యంత్రము గుర్తించుట యెట్లు? ఒకదానివలె కనబడు రెండు వేఱుపదములను వేఱుగ నుంచుట యెట్లు? ఈ రెండు ప్రశ్నలను పలనాటి గ్రామనామముల మూలమున పరిశీలించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

ఇది కేవలము యంత్రశాస్త్రజ్ఞులకు విడువదగిన విషయము కాదు. పలనాటి చరిత్రకు ఆధారములైనవి శాసనములు, తాళపత్ర గ్రంథములు, వీరగాథలు, కైఫీయతులు, కుంఫిణీవారి దస్త్రములు, రెవెన్యూ లెక్కలు. వీనిలో ఏ రెండింటను వర్ణక్రమము సర్వవిధముల ఏకముగ నుండదు. నేడు ఇట్టి యాధారములు క్రమక్రమముగ యంత్రములలోనికి ఎక్కుచున్నవి. పరిశోధకుడు గురజాల యని వెదకినచో గురిజాల యని వ్రాసిన పుట కనబడదు. యంత్రము ‘దొరకలేదు’ అని చెప్పును. చదువరి దానిని ‘లేదు’ అని యర్థము చేసికొనును. వెనుకటి పరిశోధకుడు కట్టలు విప్పి పుట పుటయు చదువునపుడు తాను కోరని రూపము సైతము కంటబడెడిది. ఇప్పుడు కోరినదే కంటబడును. కావున పేరు దొరకనిచో ఆ యూరి చరిత్రయే దొరకని కాలము వచ్చినది.

ముందుగ ఒక భేదమును స్పష్టపఱచుకొనవలెను. లేఖకుని చేజారుటచేత కలుగు తప్పు వేఱు, వర్ణక్రమభేదము వేఱు. ఒక యక్షరము విడుచుట, రెండుమాఱులు వ్రాయుట, పై పంక్తిలోని పదమును క్రింది పంక్తిలో దింపుట మొదలగునవి తప్పులు. వీనికి నియమము లేదు. వర్ణక్రమభేదమునకు మాత్రము కారణము కలదు. ఆ కాలపు ఉచ్చారణమో, లిపియో, వ్యాకరణమో, వృత్తిలేఖకుల యాచారమో దానిని పుట్టించును. కారణము గలదానికి క్రమము కలదు. క్రమము గలదానిని యంత్రమునకు నేర్పవచ్చును.

తెలుగున ఈ కారణములు నాలుగు విధములు. మొదటిది ధ్వనుల చరిత్ర. ప్రాచీన శాసనములలో నుండిన ఴకారము కాలక్రమమున అచ్చుల నడుమ డకారముగను, హల్లుతో కూడినచోట రేఫముగను మాఱినది. చోఴశబ్దము చోడశబ్దమైనది, క్ఴింద యనునది క్రింద యైనది. శకటరేఫమైన ఱకారము ఉచ్చారణమున సాధురేఫమున కలిసిపోయినను వ్రాతలో చాలకాలము నిలిచినది. అర్ధానుస్వారమును అట్టిదే. రెండవది లిపి. ప్రాచీన లిపిలో ఎ ఏలకును, ఒ ఓలకును భేదము చూపుట లేకుండెను. రేఫముమీది హల్లును ద్విత్వముగ వ్రాయుట శాసనములలో పరిపాటి. కావున ధర్మ్మ, పూర్వ్వ అను రూపములు తప్పులు కావు, ఆనాటి వ్రాతపద్ధతికి చెందినవే. మూడవది వ్యాకరణము. గ్రామము, గ్రామంబు, గ్రామమ్ము అను మూడు రూపములును వ్యాకరణసమ్మతములు. నేటి వ్రాతలో గ్రామం అను నాలుగవది వ్యాపించినది. నాలుగవది లేఖకుల యలవాటు. కరణముల లెక్కలలో ఒత్తులును దీర్ఘములును పండితుల గ్రంథములలోవలె పాటింపబడలేదు. త్వరగా వ్రాయవలసిన వానికి అర్థమగుటయే చాలును.

ఈ నాలుగింటిని మనసున నుంచుకొని పలనాటి పేళ్లను చూడుడు. మాచర్ల, మాచెర్ల, గురజాల, గురిజాల, పిడుగురాళ్ల, పిడుగురాళ్ళ, కారంపూడి, కారెంపూడి. వీరగాథలలో ఈ చివరి గ్రామమే కార్యమపూడిగ వినబడును. సీమ పేరే పల్నాడు, పలనాడు, పల్లినాడు అని పలురీతుల కానవచ్చును. ఇంగ్లీషు దస్త్రములలో గురజాల నడిమి యచ్చు లోపించి గుర్జాల యను రీతిని వ్రాయబడినది. దాచేపల్లి దాచేపల్లె యైనది. ఇవి యేవియు ఒకరి యజ్ఞానమున పుట్టినవి కావు. విన్నవాడు విన్నట్లు, వ్రాయువాడు తనకు నేర్పినట్లు వ్రాసిన ఫలములు.

ఈ విషయమున పలనాటికి ఒక విశేషగౌరవము కలదు. 17వ శతాబ్దిలో కాకునూరి అప్పకవి పలనాటిలోని కామేపల్లిలో నివసించుచు 1656వ సంవత్సరమున అప్పకవీయమును ఆరంభించెను. ఆయన కాలమునాటికి రేఫ శకటరేఫముల ఉచ్చారణభేదము నశించినది. ఎవరికిని చెవితో తెలియని భేదమును కవులు వ్రాతలో పాటింపవలసియుండెను. అందుచేత ఏ పదమున ఏ రేఫము కలదో పట్టికలుగ కూర్చి చెప్పుట లాక్షణికుల పని యైనది, అప్పకవియు ఆ పని చేసెను. వినికిడికి అందని సమాచారమును పట్టిక ద్వారా నిలుపుట యనునదే నేడు యంత్రమునకు నిఘంటువు నిచ్చుటలోని సూత్రము. సాధనము మాఱినది గాని అక్కఱ మాఱలేదు.

అప్పకవి మార్గమునుండి మనము గ్రహింపదగిన మఱొక సాధనము ఛందస్సు. ప్రాసస్థానమున సాధురేఫమునకు శకటరేఫమును కూర్చరాదని లాక్షణికుల నియమము. ఆ నియమమును పాటించిన కవి ద్విపదలో మొదటి పాదపు రెండవ యక్షరము నిశ్చయముగ ఱకారమైనచో, రెండవ పాదమునను అదియే యుండవలెను. లేఖకుడు రకారము వ్రాసినను ప్రాస వానిని పట్టియిచ్చును. ఇట్లే గణములు హ్రస్వదీర్ఘములకు సాక్ష్యమిచ్చును. వచనపు వ్రాతలకు ఈ రక్షణ లేదు. ఒక రూపమును దిద్దునపుడు అది పద్యమునుండి వచ్చినదా, లెక్కపుస్తకమునుండి వచ్చినదా యని విచారింపవలసిన యావశ్యకత ఇందువలననే కలిగినది.

శ్రీనాథకర్తృకముగ ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్ర ద్విపదకావ్యము. దానిని అక్కిరాజు ఉమాకాంతము 1911లో ప్రకటించెను. అదే కథను వీరవిద్యావంతులు తరతరములుగ పాడుచున్నారు. కారెంపూడిలో కార్తికమాసమున జరుగు వీరుల యుత్సవములందు ఆ పాట నేటికిని వినబడును. అమెరికా విద్వాంసుడు జీన్ రోఘైర్ పాడిన పాఠము నాధారముగ గొని 1982లో ఈ కథను ఇంగ్లీషున ప్రకటించెను. అనగా ఒక్క కథకే అచ్చుపాఠము, పాటపాఠము, పరభాషాపాఠము అను మూడు రూపములు కలవు. మూడింటను వ్యక్తుల పేళ్లును ఊళ్ల పేళ్లును ఒకేరీతిగ నుండవు. ఈ మూడింటిని జతపఱచువాడు మొదట చేయవలసినది పేళ్లను జతపఱచుటయే.

కైఫీయతులు మఱొక మూలము. 19వ శతాబ్ది తొలిపాదమున కాలిన్ మెకంజీ సేకరింపజేసిన గ్రామచరిత్రలలో గుంటూరు ప్రాంతమువియు చేరియున్నవి. ఆయన 1815లో భారతదేశ సర్వేయరు జనరలు పదవిని పొంది, 1821లో మరణించెను. పిమ్మట ఆ సంపుటములకు సి. పి. బ్రౌను ప్రతులు వ్రాయించెను. గ్రామస్థుడు చెప్పినది గుమాస్తా వ్రాసెను, దానిని మఱొకడు ప్రతి చేసెను. ప్రతి మెట్టునను వర్ణక్రమము కొంత కదలుటకు అవకాశము కలదు.

ఇచ్చట ఒక విచిత్రమును చెప్పవలసియున్నది. మన యూళ్ల పేళ్లను వ్రాయించిన మెకంజీ స్కాట్లండు దేశీయుడు, లూయిస్ ద్వీపములోని స్టోర్నోవేలో జన్మించినవాడు. ఆయన పేరులోని ‘జ’ ధ్వని పూర్వము లేదు. ప్రాచీన స్కాట్సుభాషలో యోగ్ అను నొక యక్షరముండెడిది. అది యకారమునకు సన్నిహితమైన ధ్వనిని తెలుపుటకును ఉపయోగపడెడిది. అచ్చుయంత్రములు వచ్చిన పిమ్మట, ఆ యక్షరమునకు అచ్చు లేనిచోట, ఆకారసామ్యముచేత ఇంగ్లీషు ‘జెడ్’ను వాడిరి. పిదపవారు వ్రాసినట్లే చదివిరి. మెకంజీ అను పేరునందు అట్లు చదువుటయే స్థిరపడెను. మెన్జీస్ అను మఱొక పేరును మాత్రము సంప్రదాయజ్ఞులు నేటికిని మింగిస్ అనియే పలుకుదురు. మన శకటరేఫమునకు పట్టిన గతియు కొంత యిట్టిదే. రెండు దేశములందును అక్షరము లోపించినది, దాని స్థానమును వేఱొకటి యాక్రమించినది.

స్కాట్సుభాష వర్ణక్రమభేదములకు ప్రసిద్ధమైనది. అది ఒకప్పుడు రాజ్యభాష. శాసనసభలో, న్యాయస్థానములలో, కావ్యములలో వాడబడినను దానికి ఒకే వర్ణక్రమము స్థిరపడలేదు. ఇంగ్లీషున డబ్ల్యు, హెచ్ అను నక్షరములతో మొదలగు ప్రశ్నార్థకపదములను ప్రాచీన స్కాట్సున క్యు, యు, హెచ్ అను మూడక్షరములతో మొదలుపెట్టెడివారు. అచ్చు దీర్ఘమని తెలుపుటకు దాని ప్రక్కన ఐ అను నక్షరమును చేర్చెడివారు. యు, వి, డబ్ల్యు అను మూడును ఒకదాని చోట మఱొకటి వచ్చెడివి. ఇవియు తప్పులు కావు, క్రమము గల యలవాట్లు. 1700 వరకు గల భాషకు ఒక మహానిఘంటువు 1931 మొదలు 2002 వరకు వెలువడి పండ్రెండు సంపుటములుగ ముగిసినది. తరువాతి కాలపు భాషకు పది సంపుటముల మఱొక నిఘంటువు 1976లో ముగిసినది. రెండును కలిసి 2004లో యంత్రమున వెదకుటకు వీలుగ ప్రకటింపబడినవి. ఈ నిఘంటువుల పద్ధతి గమనింపదగినది. ప్రధానరూపము వెంటనే గ్రంథములలో కనబడిన ఇతర వర్ణక్రమములనన్నింటిని వరుసగ చెప్పుదురు. ఒక రూపమును గద్దెనెక్కించి తక్కినవానిని తరిమివేయుట లేదు.

ఇక యంత్రపద్ధతులను చూతము. వీనిలో అతిప్రాచీనమైనది కంప్యూటరుకంటె ముందుపుట్టినది. అమెరికాలో రాబర్టు రస్సెల్ 1918లో హక్కుపత్రము పొందిన ఈ పద్ధతికి సౌండెక్సు అని పేరు. ఇంటిపేరులోని తొలియక్షరమును ఉంచి, అచ్చులను విడిచి, సమీపధ్వనులుగల హల్లులను ఒక్కొక్క వర్గముగ చేసి, ఆ వర్గమునకు ఒక అంకె నిత్తురు. అట్లు ఒక యక్షరమును మూడంకెలును గల గుర్తు ఏర్పడును. గుర్తు ఒక్కటైనచో పేళ్లు ఒక్కటి కావచ్చును. 1930 దశకమున అమెరికా జనాభాలెక్కల సూచికలను ఈ పద్ధతిని తయారుచేసిరి.

రెండవ పద్ధతి దూరగణనము. సోవియట్ శాస్త్రజ్ఞుడు వ్లదీమిర్ లెవెన్‌ష్టైన్ 1965లో దీనిని ప్రతిపాదించెను. ఒక పదమును మఱొక పదముగ మార్చుటకు ఎన్ని యక్షరములను చేర్చవలెను, ఎన్నింటిని తీయవలెను, ఎన్నింటిని మార్చవలెను అని లెక్కించి, ఆ సంఖ్యలలో కనిష్ఠమైనదానిని రెండు పదముల నడిమి దూరముగ గ్రహింతురు. 1964లో ఫ్రెడరిక్ డామెరా వర్ణక్రమదోషములలో నూటికి ఎనుబదికి పైగ ఒక్క యక్షరపు చేర్పో, లోపమో, మార్పో, తారుమారో అని చూపెను. కాని అతడు పరిశీలించినవి చేజారిన తప్పులు. మనకు కావలసినవి క్రమము గల భేదములు. ఈ తేడాను మఱచి దూరగణనమును చారిత్రకరూపములపై ప్రయోగించుటవలన కలుగు చిక్కును పలనాటి పేళ్లే చూపగలవు.

తెలుగుపదమును యంత్రము మనవలె గుణింతాక్షరములుగ చూడదు. హల్లును, దానికంటిన అచ్చుగుర్తును, సున్నను, పొల్లుగుర్తును వేఱువేఱుగ లెక్కించును. ఆ లెక్కను మేము చేతితో వేసి చూచితిమి. మాచర్లకును మాచెర్లకును దూరము 1. గురజాలకును గురిజాలకును దూరము 1. ఇంతవరకు బాగుగనేయున్నది. కాని వృక్షమూలమగు ‘వేరు’నకును, అన్యార్థకమగు ‘వేఱు’నకును దూరము 1 మాత్రమే. ఏడు అను సంఖ్యకును, సంవత్సరార్థకమగు ఏఁడు అను పదమునకును దూరము 1 మాత్రమే. ఇంకను చూడుడు. కారెంపూడికిని కార్యమపూడికిని దూరము 3. ఇవి రెండును ఒక్క గ్రామపు పేళ్లు. మాచర్లకును మాచవరమునకును, చివర సున్నతో వ్రాసినచో, దూరము 3. ఇవి పలనాటిలోనే వేఱువేఱు గ్రామములు. దూరము 3 వరకు కలుపుమనిన యంత్రము మాచర్లను మాచవరమును ఏకము చేయును. 2 వరకే కలుపుమనిన కార్యమపూడిని కారెంపూడినుండి వేఱు చేయును. ఎచ్చట గీత గీసినను ఒక తప్పు తప్పదు. లోపము గీతలో లేదు. అన్ని మార్పులను సమానముగ లెక్కించుటలో ఉన్నది.

హల్లుల గుర్తుతో చూచినచో ఫలితము కొంత మెఱుగు. అచ్చులను, అచ్చువంటిదైన యకారమును విడిచి, పకారము ముందరి సున్నను మకారముగ గ్రహించినచో కారెంపూడి, కార్యమపూడి రెండును క, ర, మ, ప, డ అను ఒక్క గుర్తునకే వచ్చును. మాచర్ల మ, చ, ర, ల యగును. మాచవరము చివర మకారముతో ముగియును గనుక వేఱుగ నిలుచును. కాని ఈ పద్ధతి అచ్చులను విడిచినందులకు మూల్యము చెల్లింపవలసియే యున్నది. చెఱువును చేరువయు ఒక్కటియగును. 1926లో బౌద్ధస్తూపము వెలికివచ్చిన గోలి గ్రామము గాలితోడను గేలితోడను కలిసిపోవును. ఆ గ్రామము రెంటచింతలకు సమీపమున నున్నదే. దానిని గుఱించి వెదకువానికి గాలివానల లెక్కలన్నియు వచ్చి మీద పడినచో ఉపయోగమేమి?

కావున మా యభిప్రాయమిది. అక్షరదూరముకంటె ముందుగ భాషాచరిత్ర రావలెను. యంత్రమునకు మొట్టమొదట ఇయ్యవలసినది సంఖ్య కాదు, సూత్రము. సూత్రమును ఒక్క జతనుండి ఊహింపరాదు, పెక్కు పేళ్లయందు నిలిచిన సాక్ష్యముచేత స్థాపింపవలెను. మాచర్ల, మాచెర్ల అను జతను చూచినపుడు ‘చర్ల’ ‘చెర్ల’ల మార్పు ఒక్క లేఖకుని చేష్టయని తోచవచ్చును. కాని కపోతేశ్వరాలయముగల చేజర్లను చేజెర్లయని వ్రాయుట చూచినపుడు, అదియే మార్పు జకారము తరువాతను కనబడుచున్నదని తెలియును. అప్పుడు అది సూత్రము. ల్ల, ళ్ళల మార్పునకును, పల్లి, పల్లెల మార్పునకును ఇట్లే సాక్ష్యములు సమకూర్పవచ్చును. ఇట్లు స్థాపితమైన మార్పునకు స్వల్పమైన దూరమును, సాక్ష్యములేని మార్పునకు అధికమైన దూరమును ఇచ్చినచో పై చిక్కు చాలవఱకు విడును. చకారముతరువాతి అకారము ఎకారమగుట తేలిక. ‘ర్ల’ యనునది ‘వరము’ అగుటకు తెలుగున ఏ దారియు లేదు.

సూత్రములను కాలమునుబట్టియు ఆధారమునుబట్టియు విడదీయవలెను. రేఫముమీది ద్విత్వము శాసనములకు వర్తించును గాని నేటి పత్రికలకు వర్తింపదు. ఎ ఏల యభేదము ప్రాచీనలిపికి వర్తించును గాని అచ్చుగ్రంథములకు వర్తింపదు. రేఫ శకటరేఫముల కలయిక కరణపు లెక్కలో సహజము. ఆ భేదమును పాటించిన నన్నయ తిక్కనల కావ్యములలో దానిని అంగీకరించినచో అర్థమే చెడును. తాళపత్రములలో ఆకారసామ్యముచేత ప, వ అక్షరములు తారుమారగుట గలదు. విని వ్రాసినచోట ధ్వనిసామ్యమే ప్రధానము. ఒకే సూత్రమును అంతటను నడపుట ఒకే తాళపుచెవితో అన్ని పెట్టెలను తెఱవబూనుటవంటిది.

లిపిసంకేతముల చిక్కు ఒకటి మిగిలియున్నది. యూనికోడు సంకేతములలో తెలుగునకు 1991నాటి తొలి కూర్పునందే స్థానము లభించినను, ఴకారము 2014లో గాని చేరలేదు. అంతకుముందు శాసనపాఠములను యంత్రమున ఎక్కించువారు ఆ యక్షరమునకు బదులు మఱొకదానిని వాడవలసివచ్చెను. అనగా స్కాట్లండులో అచ్చు లేక యోగ్ అక్షరమునకు పట్టిన గతియే మన ఴకారమునకు యంత్రయుగమున పట్టినది. మఱియు ఐత్వమును ఒక్క సంకేతముతో వ్రాయవచ్చును, రెండు సంకేతములను కలిపియు వ్రాయవచ్చును. కంటికి రెండును ఒక్కటే. వానిని ముందుగ ఏకము చేయనిచో యంత్రమునకు రెండును వేఱుపదములు. కంటికి తెలియని వర్ణక్రమభేదము చరిత్రలో ఇదియే ప్రథమమేమో! కావున పని మొదలుపెట్టువారు సంకేతములను ఏకము చేయుటతో మొదలుపెట్టి, పిదప భాషాసూత్రములను నడపి, ఆ తరువాతనే దూరమును లెక్కింపవలెను.

ఇంతచేసిన పిమ్మటను ఒక ముఖ్యనియమము కలదు. రూపములను జతపఱచవలెను గాని మూలమును దిద్దరాదు. ఇంగ్లండులోని లాంకాస్టరు విశ్వవిద్యాలయమున ప్రాచీన ఇంగ్లీషు అచ్చుగ్రంథముల వర్ణక్రమమునకై వార్డ్ అను సాధనమును నిర్మించిరి. అది నేటి రూపమును సూచించునపుడు మూలరూపమును ప్రక్కననే భద్రపఱచును. ఈ పద్ధతి మనకు అనుసరణీయము. కార్యమపూడిని తుడిచి కారెంపూడి యని వ్రాసినచో వెదకువానికి సులభమే. కాని గాథాకర్త కార్యమను శబ్దమును ఆ పేరునందు విన్నాడను సాక్ష్యము నశించును. ఱకారమును తుడిచి రకారము చేసినచో ఆ వ్రాత యే కాలమునాటిదో, ఏ సంప్రదాయమువాడు వ్రాసెనో తెలుపు గుర్తు నశించును. భేదము పరిశోధకునికి అడ్డంకి యైనంత సాక్షియు నగును. ఈ వ్యాసముననే మేము ఱకారమును నిలిపి, అరసున్నను ఉదాహరణమునందు తప్ప విడిచితిమి. తరువాతి కాలమువాడు దానినిబట్టి మమ్ము ఏ వర్గమునకు చేర్చవలెనో నిర్ణయించుకొనవచ్చును. మా వ్రాతను ‘సరిదిద్దిన’ యంత్రము వానికి ఆ యవకాశము నియ్యదు.

యంత్రము చేయలేని పని ఎచ్చట మొదలగునో సీమపేరే చూపుచున్నది. రెంటచింతల మండలములోని మంచికల్లున పల్లవరాజగు సింహవర్మ ప్రాకృతశాసనము దొరకినది. అది పల్లవశాసనములలో అతిప్రాచీనముగ పరిగణింపబడునది. ఇట్టి యాధారముచేత కొందఱు చరిత్రకారులు పల్లవనాడే పలనాడైనదని తలంచిరి. మఱికొందఱు పల్లెశబ్దమును, పల్లినాడను రూపమును మూలముగ చూపుదురు. దూరగణనమును అడిగి చూతము. పల్లవనాడునుండి పలనాడునకు దూరము 3. పల్లినాడునుండియు 3. పల్నాడను రూపమునకు మొదటిదానినుండి దూరము 2, రెండవదానినుండియు 2. తక్కెడ ఏ వైపునకును మొగ్గదు. మొగ్గవలసిన పనియు లేదు. ఏ రూపము ఏ శాసనమున, ఏ కాలమున, ఏ యర్థమున ప్రయోగింపబడినదో చూచి తేల్చవలసినది చరిత్రకారుడే. రెండు రూపములు సమీపమున నున్నవని చెప్పుట యంత్రము పని. ఒకటి మఱొకదానినుండి పుట్టినదని చెప్పుటకు కాలక్రమము కావలెను, స్థలము కావలెను, మధ్యరూపములు కావలెను.

రెంటచింతలకు తిరిగివత్తము. రెంటచింతల, రెంటిచింతల అను రూపముల నడుమ భేదము ఒక్క అచ్చుగుర్తు మాత్రమే. ‘రెండు’ అను సంఖ్యాశబ్దపు మార్పులనెఱిగినవానికి అది వింత గాదు. చింత యను వృక్షనామము రెండింటను చెక్కుచెదరక నిలిచియున్నది. కావున సూత్రము వీనిని కలుపును. రెంటాలలో మొదటి భాగము సమానమైనను చింతశబ్దము లేదు. చింతశబ్దము లోపించుటకు సూత్రము లేదు. కావున అది వేఱుగ నిలుచును. దీనికి తోడుగ గ్రామముల పట్టికయు, వాని యెల్లలును యంత్రమున కిచ్చినచో, ఒకే దస్త్రమున రెండు పేళ్లును ప్రక్కప్రక్కన రెండు గ్రామములుగ కనబడినపుడు వానిని కలుపరాదను నియమమును చేర్చవచ్చును. ఆ ప్రాంతీయునికి పుట్టుకతో వచ్చిన యెఱుకను మనము ఇట్లు కొంతకొంతగ సూత్రముగ మార్చి యంత్రమున కందింతుము.

2022 ఏప్రిల్ 4న పల్నాడు నరసరావుపేట ముఖ్యపట్టణముగ ప్రత్యేకజిల్లా యైనది. క్రొత్తజిల్లా యేర్పడినపుడు పేళ్లన్నియు మఱల వ్రాయబడును, ఫలకములకెక్కును, పట్టికలలో చేరును. ఒక రూపము అధికారరూపమగును. అది పరిపాలనకు అవసరమే. కాని తక్కిన రూపములను పాత దస్త్రములతో పాటు అటకెక్కించినచో, రాబోవు తరమునకు తమ యూరి పూర్వచరిత్రకు ద్వారము మూతపడును. ప్రతి గ్రామమునకు అధికారరూపముతో పాటు శాసనరూపము, కావ్యరూపము, కైఫీయతురూపము, దస్త్రపురూపము, పలుకుబడిరూపము అను వానిని కాలనిర్దేశముతో ఒక్కచోట చేర్చిన నామకోశము తెలుగువారికి కావలెను. పలనాడు వంటి చిన్న సీమతో దానిని మొదలుపెట్టుట సుకరము. ఆధారములు అనేకములు, గ్రామములు పరిమితములు, చరిత్రపై ఆ ప్రాంతీయులకు గల యభిమానము గాఢము. అప్పకవి కామేపల్లిలో కూర్చుండి తన కాలమునకు కావలసిన పట్టికను పద్యములలో కట్టెను. మన కాలమునకు కావలసిన పట్టికను మనము యంత్రమునకు అర్థమగు రీతిని కట్టవలసియున్నది. దానికి కావలసిన భాషాజ్ఞానము మన వ్యాకరణములలోను శాసనములలోను ఇదివఱకే సిద్ధముగ నున్నది. దానిని సూత్రములుగ కూర్చు పనికి తెలుగుశాఖలు పూనుకొనవలెనని మా మనవి.